రేగుపొదలకు గడి లేదు

మేత భూముల నిపుణురాలినని చెబితే ఢిల్లీలో ఎవరికీ అర్థం కాదు. పశువులు తిరిగే బీడులో ఎంత మేత ఉందో కొలిచి రాయడం నా పని. ఆ మే నెలలో గ్రేటర్ నోయిడా అవతల ఒక ఊరి ఉమ్మడి బీడుకు నన్ను పంపారు. మేత ఉందని నేను రాస్తే బీడు ఊరికి మిగులుతుంది. లేదని రాస్తే గోదాములకు పోతుంది.

చదరపు మీటరు ఇనుప చట్రాన్ని నేల మీద వేసి, అందులో పడిన గడ్డిని కత్తిరించి, ఎండబెట్టి తూచాలి. వేసిన చోటల్లా దుమ్ము, నాలుగు ఎండు పోచలు. మేకలు కాసుకునే ఒక ముసలావిడ నా వెనకే తిరిగింది.

"ఏం పారేసుకున్నావు బేటీ?"

చెప్పాను. పకపకా నవ్వింది.

"అచ్ఛా! మేకలు తలెత్తి తింటుంటే నువ్వు తల దించి లెక్కపెడుతున్నావా?"

నిజమే. ఆమె మేకలన్నీ ముందుకాళ్లు పైకెత్తి రేగుపొదల ఆకులు తింటున్నాయి.

"ఎండాకాలమంతా మాకు ఈ పొదలే. గడ్డి చూడాలంటే వానలు పడ్డాక రా," అంది.

ఆఫీసుకు వచ్చి మా సారుకు ఆ సంగతి చెప్పాను. ఆయనది హైదరాబాదు.

"రిపోర్టు ఫారంల పొదలకు గడి ఉన్నదా అమ్మా? లేదు గదా. వానల్దాకా ఆగుదామంటే గోదాముల క్లయింట్ ఊకుంటడా? గడ్డి ఎంతుంటే అంత రాయి. ఠీక్ హై?"

ఠీక్ హై సార్, అన్నాను. మేత విలువ లేదని రాశాను. కింద రిమార్కుల కోసం అర పేజీ ఖాళీగా ఉంది. పొదల గురించి అక్కడ రాస్తే నా చెయ్యి పట్టుకుని ఎవరూ ఆపరు. రాయలేదు.

బీడు సంగతి తేల్చే మీటింగులో జిల్లా అధికారి నా వైపు తిరిగి, "మేడమ్, మీరేమైనా చెప్తారా?" అని అడిగాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. "నో సర్" అన్నాను.

బయటికి వచ్చాక సారు మెచ్చుకున్నారు. "గిట్లనే ఉండాలె. తక్కువ మాట్లాడేటోళ్లే పైకొస్తరు."

వానలు తగ్గాక వేరే పని మీద అటు వెళ్లాను. పొదలన్నీ జేసీబీతో పెకలించి బీడు చుట్టూ కంచె వేశారు. ముసలావిడ రోడ్డు వార కూర్చుని ఉంది. పక్కన రెండే మేకలు. మిగతావి అమ్మేసిందట.

"ఇక్కడేమీ లేదని రాసింది నువ్వేనటగా," అంది. గొంతులో కోపం కూడా లేదు. "చదువుకున్నదానివి. చూసే రాసి ఉంటావులే."

జవాబు నోటిదాకా వచ్చింది. దాన్ని గదికి తెచ్చుకుని డైరీలో రాసుకున్నాను. నాలుగు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా.