రెండో గొట్టం

కువైట్‌లో బాయిలర్లు తయారుచేస్తానంటే నవ్వని మనిషిని నేనింతవరకు చూడలేదు. కోనసీమలో మావాళ్లయితే మరీను. "అంత ఎండలో నీళ్లు కాచే మిషనేంట్రా, సూర్యుడికి దివిటీ పట్టడానికా?" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. వీళ్లందర్నీ జనవరిలో ఒక్క పొద్దున ఎడారి అంచున, పాలరాతి నేల మీద చెప్పుల్లేకుండా నిలబెట్టాలి. ఇక్కడి ఇళ్లు ఎండను ఆపడానికి కట్టినవి, చలిని ఆపడానికి కాదు. చలి ఒకసారి లోపలికొచ్చిందంటే మార్చి దాకా కాపురం పెడుతుంది.

ఫ్యాక్టరీలన్నీ ఉండే సబ్హాన్‌లో మా షెడ్డు ఉంది. నీళ్ల ట్యాంకులు, ఏసీ డక్టులు చేసేవాళ్లం. నేను డ్రాయింగులు గీస్తాను. మా మేనేజరుది భీమవరం వైపు. వచ్చి ముప్పై ఏళ్లు దాటినా ఆయన మాటలో గోదావరి ఎక్కడికీ పోలేదు. నన్ను వేరే కంపెనీ నుంచి విడిపించి నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, ఈ కంపెనీకి మార్పించింది ఆయనే. అందుకని ఆయన ముందు నా గొంతు ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉండేది.

"ఏవయ్యా, ఎడారి వైపు కట్టే కొత్త విల్లాలకి కరెంటు లోడు చాలట్లేదంట. గ్యాసుతో ఇల్లంతా వెచ్చబెట్టే బాయిలర్ ఒకటి గియ్యి. బీరువాలా ఉండకూడదు, బీరువాలో పట్టాలి," అన్నాడొకరోజు.

రెండు చలికాలాలు దాని మీదే కూర్చున్నాను. గ్యాసు మండితే పొగలో ఆవిరి కూడా పుడుతుంది. మామూలు బాయిలర్ ఆ ఆవిరిని, దానిలోని వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. ఇంటి నేలకింద గొట్టాల్లో తిరిగి చల్లబడి వచ్చిన నీళ్లను ఆ పొగకు ఎదురు పంపిస్తే, ఆవిరి అక్కడికక్కడే నీరై వేడిని మనకు ఇచ్చేసి పోతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం స్టీలు గొట్టాన్ని చుట్టలా వంచి, చుట్టకీ చుట్టకీ మధ్య సందు రూపాయి బిళ్ల మందం దాటకుండా పట్టుకోవాలి. సందు ఎక్కువైతే పొగ వేడిని ఎత్తుకుపోతుంది. తక్కువైతే మంట ఆరిపోతుంది. పదకొండు చుట్టలు తుక్కులో పారేశాక పన్నెండోది కుదిరింది.

దాని చుట్టూ వేడి బయటికి పోకుండా మందపాటి దూది లాంటి పొర చుట్టాను. బాయిలర్ జోరుగా నడుస్తున్నప్పుడు పైరేకు మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా ఉండేది. షెడ్డుకొచ్చిన ప్రతివాడి చెయ్యీ పట్టుకుని అక్కడ పెట్టేవాణ్ని. అబూ హలీఫాలో మా ఫ్లాటుకెళ్లి మా ఆవిడకు వీడియో చూపించాను. "చూశావా, చెయ్యి పెట్టినా కాలదు," అన్నాను. "అయితే దాని మీద అట్టు కూడా రాదన్నమాట," అంది.

నా మొదటి డ్రాయింగులో గోడలోంచి బయటికి రెండు గొట్టాలు ఉండేవి. ఒకటి పొగ పోవడానికి. రెండోది మంటకు కావలసిన గాలిని బయటినుంచే తెచ్చుకోవడానికి. అలా అయితే గదిలో గాలితో బాయిలర్‌కు పనే ఉండదు. మేనేజరు డ్రాయింగ్ మీద వేలు పెట్టాడు.

"ఈ రెండో గొట్టం తీసెయ్యవయ్యా. బీరువాలో పట్టట్లా. గోడకి పైనొక జాలీ, కిందొక జాలీ కొడితే గాలి అదే వచ్చేత్తది."

ఇక్కడ నేను ఆయన్ని తిట్టాలి. కానీ ఆ రోజు నేనన్న మాట నాకు బాగా గుర్తు. "సరేలెండి, పెట్టేది స్టోర్ రూముల్లోనే కదండీ," అన్నాను. ఆ నోటితోనే ఇప్పుడు ఊరందర్నీ తిడుతున్నాను. జాలీల పక్కన అతికించడానికి ఇంగ్లీషులో, అరబ్బీలో స్టిక్కరు కూడా నేనే రాయించాను. ఈ జాలీలు మూయరాదు అని. రెండు భాషలూ ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

మొదటి ఇల్లు దొరికింది. ఆ విల్లా ప్లానులో వంటగది వెనక బయటి గోడను ఆనుకుని ఒక చిన్న గది ఉంది. దాని మీద స్టోర్ అని రాసుంది. నా బాయిలర్‌కు కొలిచి కట్టినట్టుంది. ఇల్లంతా నేలకింద వేడినీళ్ల గొట్టాలు గీశాను. ఆ గదిలో గీయలేదు. సామాన్లకు చలేమిటి? మా ఫిట్టర్లు వెళ్లి బిగించి, నడిపించి వచ్చారు. అయిదో రోజున మేనేజరు పిలిచాడు. "బర్నరు మాటిమాటికీ ఆగిపోతందంట. ఎల్లి చూసిరా."

పొద్దున్నే వెళ్లాను. పనిచేసే ఆమె తలుపు తీసింది. నలభై దాటి ఉంటాయి. నా హిందీకి తలూపి వంటగది వెనక్కి తీసుకెళ్లింది. గదిలో గోడ వారగా చుట్టిపెట్టిన పరుపు, ఒక సూట్‌కేసు, మేకుకు రెండు నైటీలు, చిన్న వెంకటేశ్వరస్వామి పటం. పరుపు పరిస్తే తల ఎక్కడికి వస్తుందో సరిగ్గా ఆ గోడకే నా బాయిలర్. "ఇదేంట్రా బాబూ!" అన్నాను నాలో నేను.

"తెలుగోళ్లా అన్నా?" అంది ఆమె. మొహం వెలిగిపోయింది. "మాది రాయచోటి పక్క."

నా మొహం మాత్రం వెలగలేదు. కింది జాలీ నిండా ఎవరిదో పాత స్వెట్టరు కుక్కి ఉంది. పై జాలీకి అట్టముక్క పెట్టి నాలుగువైపులా టేపు వేసి ఉంది. స్టిక్కరు మాత్రం తళతళలాడుతోంది, రోజూ తుడుస్తున్నట్టుంది. నా కోపం ముందు ఆమె మీదికే పోయింది. దగ్గర దొరికిన వాళ్ల మీదికే కదా మన కోపం పోయేది.

"ఎవరమ్మా ఇందులో గుడ్డలు కుక్కింది? బుద్ధుండక్కర్లా? ఏం రాసుందో చూసుకోరా?"

"నేనే కుక్కినా అన్నా," అంది బెదిరిపోయి. "రేయంతా ఆడ్నుంచి సలిగాలి, దుమ్ము. ఆ రాసిండేది అరబ్బీ గదా, నాకేడొస్తాది? కంపెనీ పేరేమోలే అనుకుంటి."

ఆమె బాయిలర్ వైపు చూపించింది.

"ఇది పెట్టినప్పుడు సంతోసపడినా అన్నా. పక్కన పండుకుంటే రొంత ఎచ్చగుంటాది గదా అని. సెయ్యి పెట్టి సూస్తే మంచు మాదిరుంది. ఇల్లంతా కాగుతాంది, పిల్లోళ్లు బనీన్లతో తిరుగుతాండారు. ఈడ మాత్రం పండ్లు కొరుక్కుంటా పండుకుంటాండా."

అందరి అరచేతులూ పెట్టించి మురిసిపోయిన రేకు అది. ఒక్క పిసరు వేడి కూడా వృథా కానివ్వలేదు నేను. పక్కన పడుకున్న మనిషికి కూడా దక్కకుండా చేశాను. ఆ క్షణాన దాన్ని ఒక్క తన్ను తన్నాలనిపించింది.

"తలనొప్పి ఏమైనా ఉందా అమ్మా?" అన్నాను.

"ఉంది. పొద్దన లేస్తానే తల దిమ్ము, వాంతొచ్చినట్టుంటాది. సలికేమోలే అనుకుంటి. నీకెట్ల తెలిసె?"

బ్యాగులోంచి గాలి కొలిచే మీటరు తీసి ఆన్ చేశాను. అది వెంటనే కూతపెట్టింది. అంకె ప్రమాదం గీత ఎప్పుడో దాటిపోయింది. గాలి చాలక మంట సరిగ్గా మండటం లేదు. అలాంటప్పుడు పుట్టే విషానికి రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే పని కానిస్తుంది. బర్నరు మాటిమాటికీ ఆగిపోబట్టి ఆమె బతికింది. గ్యాసు కట్టేసి, ఆమె చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. సంగతి చెబితే, "అంటే పొగలేని పొగా అన్నా?" అంది. అంతే అన్నాను.

అక్కణ్నుంచే ఫిట్టరుకు ఫోన్ చేశాను. "పరుపు ఉందన్నా అక్కడ. పక్కకి జరిపి బిగించాం," అన్నాడు, నేనేదో మెచ్చుకుంటాననుకుని. మేనేజరుకు చేశాను.

"డ్రాయింగ్‌లో స్టోర్ అని ఉందా, లేదా?" అన్నాడు.

"ఉందండి."

"అయితే నీకేంటయ్యా బాధ? మనం డ్రాయింగ్ చూసి అమ్మాం. ఆళ్లు స్టోరులో మనిషిని పెట్టుకుంటే మనదా తప్పు?"

"ఆ మనిషి చచ్చిపోయేదండి! రెండో గొట్టం ఉండుంటే ఈ గొడవే లేదు. మీరు తీయమన్నారు, నేను గాడిదలా తలూపాను!" అని అరిచాను. ఇన్నేళ్లలో ఆయన మీద గొంతెత్తడం అదే మొదలు.

నా అరుపులకు ఇంటావిడ బయటికొచ్చింది. ఆమెను అందరూ మామా అంటారు. మాకు మామ అంటే మేనమామ, ఇక్కడ మామా అంటే ఇంటి యజమానురాలు. వచ్చిన కొత్తలో ఆ మాటకు నవ్వుకునేవాణ్ని. ఆ రోజు నవ్వు రాలేదు. నాకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కల్తో, చేతుల్తో చెప్పాను. ఇక్కడ మిషన్, ఇక్కడ మనిషి, రెండూ కుదరవు, మనిషి మౌత్ అని. చావు అనే మాట మాత్రం నాకు బాగానే వచ్చు. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. నిజంగానే భయపడింది. పనామె తల నిమిరి, నావైపు తిరిగి, "ఖలాస్, ఇక అంతే. ఈ రోజు నుంచి పిల్లల గదిలో పడుకుంటుంది. అక్కడ వెచ్చగా ఉంటుంది," అంది.

జాలీల్లోంచి గుడ్డా అట్టా పీకేసి, మీటరు చూసుకుని బాయిలర్ మళ్లీ వెలిగించాను. గెలిచాననుకున్నాను. పోట్లాడితే పని జరుగుతుందని, ఇన్నాళ్లూ నోరు మూసుకోవడమే నా తప్పని అనుకుంటూ సబ్హాన్‌కు బండి నడిపాను. అదే ఊపులో మేనేజరు గదిలోకి వెళ్లి, రెండో గొట్టం లేని డ్రాయింగ్ ఇక గీయనని చెప్పేశాను. "గది ఖాళీ చేసేశారంటన్నావ్ కదా, ఇంకా ఎందుకయ్యా అరుత్తావ్?" అని గొణిగాడు గానీ కాదనలేదు. శవం లేస్తే వ్యాపారం కూడా లేచిపోతుందని ఆయనకు తెలుసు.

బాయిలర్‌ను నాలుగు వేళ్లు వెడల్పు చేసి, రెండు గొట్టాలతో మళ్లీ తయారుచేయడానికి మూడు వారాలు పట్టింది. బిగించడానికి ఈసారి నేనే వెళ్లాను. జాలీలు రెండూ సిమెంటుతో మూసేశాం. ఇక గది గాలితో దానికి సంబంధం లేదు. ఆమె టీ తెచ్చింది. దండాలు పెడుతుందని కాదు గానీ, ఏదో ఒక మంచి మాట వస్తుందని చూశాను.

"తలనొప్పి తగ్గిందా అమ్మా?"

"తగ్గింది."

"వెచ్చగా ఉందా అక్కడ?"

"ఎచ్చగానే ఉంది," అంది. కప్పు నా చేతికిచ్చి అక్కడే నిలబడింది. "అన్నా, నీకొక మాట సెప్పాల. ఈ గదికి లోపల గొళ్లెం ఉంది. పనైనాక ఏసుకుంటే మళ్లా తెల్లారేదాంకా నన్ను అడిగేటోళ్లు లేరు. నా కూతురితో మాట్లాడుకుంటాంటి. ఏడుపొస్తే ఏడుస్తాంటి. ఇప్పుడు పిల్లోళ్ల మంచాల నడుమ పండుకుంటాండా. ఒకరికి నీళ్లు, ఒకరికి దుప్పటి. రేయీ పనే, పగలూ పనే. ఆ పొద్దు నువ్వు అంతగా అరిస్తివే, నన్నొక మాట అడిగింటే ఏం పోయేదన్నా?"

నేను అడగలేదు. ఫిట్టరును అడిగాను, మేనేజరును అడిగాను, మామాకు చెప్పాను. పక్కనే నిలబడి ఉన్న మనిషిని మాత్రం, నువ్వెక్కడ పడుకుంటావమ్మా అని అడగలేదు. నాకే సిగ్గేసింది.

"ఇప్పుడు ఈ రెండో గొట్టం పెడితిరి గదా, ఈడ పండుకోవచ్చా?" అంది.

"పడుకోవచ్చు. ఏ భయమూ లేదు."

"అయితే నువ్వే మామాకు సెప్పన్నా. నీ మాటైతే ఇంటాది."

వెళ్లి చెప్పాను. అవే నాలుగు ముక్కల అరబ్బీ, అవే చేతులు. ఇప్పుడు మిషన్ మంచిది, గదిలో మనిషి పడుకోవచ్చు అని. మామా నవ్వింది. "ఎందుకు, పిల్లలకు ఆమె బాగా అలవాటైపోయింది, రాత్రి నన్ను లేపడం మానేశారు, ఆమెకూ అక్కడ వెచ్చగా ఉంది కదా," అంది. నేను మళ్లీ చెప్పాను. "ఖలాస్, ఖలాస్," అని దయగానే చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయింది. మనిషి చస్తుందని చెప్పడానికి నాకు అరబ్బీ వచ్చింది. గొళ్లెం కావాలని చెప్పడానికి ఏ భాషా రాలేదు. అరుద్దామంటే అరవడానికి కారణం కూడా లేదు, ఎవరి ప్రాణమూ పోవడం లేదు.

వెనక్కి వచ్చేసరికి ఆమె నా మొహం చూసి అంతా అర్థం చేసుకుంది. ఖాళీ కప్పు తీసుకుంది.

"పోనీలే అన్నా," అంది. "నువ్వు మాత్రం ఏం జేస్తావు."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది. చేసిందంతా నేనే.