షట్టర్ కింద తెగిన తీగ

మొన్న ఎల్బీనగర్‌లో బట్టలు కొని బిల్లు కోసం నిలబడితే, ఇంటర్నెట్ ఆగిందంటూ కౌంటర్‌లోని కుర్రాడు వెనక ఉన్న పెట్టె ప్లగ్గు పీకి మళ్లీ పెట్టాడు. అది లేచేదాకా మేమందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. నాకు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్ పాఠాలు చెప్పిన ఉద్యమం రోజులు గుర్తొచ్చాయి.

మా కోచింగ్ సెంటర్ మూడు అంతస్తుల్లో ఉండేది. అంతస్తుకొక స్విచ్చి, అంటే కంప్యూటర్ల మధ్య సమాచారం పంచే పెట్టె. మూడింటినీ గుండ్రంగా తీగలతో కలిపారు కానీ, అన్ని దారులూ తెరిచి ఉంటే సమాచారం గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది కనుక, ఆ పెట్టెలే తమలో తాము మాట్లాడుకుని ఒక దారిని మూసి ఉంచేవి. కింది అంతస్తు నుంచి పైకి వెళ్లే ముఖ్యమైన తీగను మా వాళ్లు షట్టర్ మూల నుంచి మెట్లదారిలోకి లాగారు. పొద్దున చీకటితో మొదలై రాత్రిదాకా క్లాసులు నడిచే ఆ వీధిలో షట్టర్ పూర్తిగా కిందికి దిగుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు! రాత్రి కాపలావాడు లోపలే పడుకునేవాడు కనుక అప్పుడూ నేలదాకా దించేవాళ్లు కాదు. బంద్ రోజుల్లో సగం దించి లోపల పాఠం చెప్పుకునేవాళ్లం.

నాతోపాటు అవే పాఠాలు చెప్పే అన్నగారొకరు ఉండేవారు. ఆయనది సైదాబాద్, మాది గోదావరి వైపు. ఒకే ఫ్లాస్కు టీ పంచుకునేవాళ్లం కాస్తా, ప్రత్యేక రాష్ట్రం సంగతి మీద ఒకరోజు మాటా మాటా పెరిగి, వారాల తరబడి ఎవరి టీ వారు తెప్పించుకున్నాం. ఎదురుపడితే నోటీసు బోర్డు వైపు చూసేదాన్ని, అందులో కొత్తగా ఏమీ లేకపోయినా.

అలాంటి రోజుల్లోనే మీర్‌పేట్ నుంచి వచ్చే మా విద్యార్థిని పై అంతస్తులో ఆన్‌లైన్ పరీక్షకు కూర్చుంది. ఆ సర్టిఫికెట్ తెస్తేనే ఉద్యోగమని కంపెనీ వాళ్లు చెప్పారు, గడువుకు ముందు దొరికిన తేదీ అదొక్కటే. ఉద్యమం ఊరేగింపు సెంటర్ దగ్గరికి రాగానే కిందివాళ్లు కంగారుపడి షట్టర్‌ను నేలదాకా లాగేశారు. తీగ తెగింది. పైన ఆ పిల్ల తెర కదలడం మానేసింది. బిక్కమొహం వేసుకుని నా వైపు చూసింది. నేను పరుగున వెళ్లి స్విచ్చి ప్లగ్గు మీద చెయ్యి వేశాను.

"ముట్టకమ్మా! జర ఆగు" అన్నారు వెనక నుంచి అన్నగారు. అన్ని వారాల తరవాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

"ఆగితే ఎలా అండీ? పరీక్ష మూసుకుపోతే పిల్ల ఉద్యోగం పోతుంది!"

"గదే చెప్తున్న, పీకితెనే పోతది. దారి మారింది గదా, పాతది మర్చిపోనియ్యి."

నిజానికి ఆ పాఠం నేనూ చెప్పేదాన్నే. ఏ కంప్యూటర్ ఏ వైపు ఉందో స్విచ్చి వింటూ నేర్చుకుంటుంది, ఐదు నిమిషాలు దాని అలికిడి లేకపోతే మరిచిపోతుంది. ఒక తీగ తెగి మూసిన దారి తెరుచుకున్నప్పుడు ఆ పాత గుర్తులే శత్రువులు. మిగతా పెట్టెలు వాటిని నమ్ముకుని తెగిన వైపే పంపుతుంటాయి. అందుకే దారి మారిందన్న కబురు అందితే పదిహేను సెకన్లకే మరిచిపోయి, మళ్లీ కొత్తగా నేర్చుకునే ఏర్పాటు ఉంది. మూసిన దారి తెరుచుకోవడంతో కలిపి అంతా అరనిమిషం పని. నేను ప్లగ్గు పీకితే, పెట్టె లేవడానికి నిమిషాలు పట్టి పరీక్ష మూసుకుపోయేది. బోర్డు మీద ఎన్నిసార్లు గీసి చెప్పినా, భయం ముందు అదేదీ నాకు తోచలేదు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కింద నినాదాలు, పైన మేమిద్దరం ఆ పిల్ల తెర వైపే చూస్తూ నిలబడటం. అరనిమిషం దాటిందో లేదో తెరమీద తరవాతి ప్రశ్న వచ్చింది. ఆ పిల్ల పాసైంది, ఉద్యోగంలో చేరింది. మర్నాడు ఫ్లాస్కు ఒక్కటే వచ్చింది. రాష్ట్రం విషయంలో మాత్రం ఆయన మాట ఆయనదే, నా మాట నాదే.

ఇప్పటి స్విచ్చిలు రెప్పపాటులో దారి మార్చుకుంటాయి, అరనిమిషం ఆగే పనే లేదు. మంచిదే. కానీ ఆ రోజు నాతో మాటలు మానేసిన మనిషి ఆగమంటే ఆగాను. ఈ రోజుల్లో రోజూ మాట్లాడుకునే వాళ్లు చెప్పినా, అంతసేపు ఆగలేకపోతున్నాను.