ఫుల్‌స్టాప్ మేడం కోరుకున్న ఊరు

అక్కని బళ్ళో పిల్లలు ఫుల్‌స్టాప్ మేడం అనేవారట. ఆవిడే చెప్పింది, కాస్త గర్వంగానే. ఎవరితో వాదన వచ్చినా చివరి మాట తనదే అయ్యుండాలి, ఆ చివరి మాట "ఫుల్‌స్టాప్" అయ్యుండాలి. ఆడపిల్లల బళ్ళో ఏళ్ళ తరబడి ఇంగ్లీషు చెప్పింది. ఎవరైనా శుభలేఖ చేతికిస్తే ముందు స్పెల్లింగులు చూసి, ఆ తర్వాత పెళ్ళెవరిదో చూసే రకం.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. ఈ దేశం వచ్చాక ఇద్దరం ఒకే గదిలో పడ్డాం, అంతే. నేను ఆస్పత్రిలో నర్సుని. ఆడవాళ్ళకి అద్దెకిచ్చే ఇంట్లో పై అంతస్తు గది మాది. రెండు మంచాలు, కిటికీ కింద స్టవ్వు, తలుపు పూర్తిగా తెరుచుకోనివ్వని బీరువా. ఆవిడ వచ్చిన మొదటి రోజే గోడకి ఇంటివాళ్ళు అంటించిన ఇంగ్లీషు కాగితంలో తప్పులు దిద్దేసింది. ఇంటావిడ నామీద మండిపడింది. అక్కమీద మండిపడే ధైర్యం ఆవిడకి లేదు.

అక్క భర్త ఇదే ఊళ్ళో ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. పెళ్ళైన కొత్తలోనే వచ్చేశాడు. ఏడాదికోసారి ఇంటికెళ్ళి నెల్లాళ్ళుండి తిరిగొచ్చేవాడు. ఇక్కడ కంపెనీ క్వార్టర్స్‌లో మరో నలుగురు మగాళ్ళతో కాపురం. అక్కడ భార్యల్ని ఉంచుకోనివ్వరు. "నాకూ ఆ ఊళ్ళోనే ఉద్యోగం దొరికితే మనిద్దరం ఒక గది తీసుకుందాం, మనుషుల్లా కలిసి బతుకుదాం" అని ఆయనతో చెప్పి అక్క బయల్దేరింది. ఆవిడకి కావలసింది అదొక్కటే. పిల్లలెందుకు లేరని అడిగే చుట్టాలకి "ఏడాదికి నెల్లాళ్ళ కాపురానికి అది కూడానా" అని నోరు మూయించేదట.

విదేశాల్లో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగాలు చూపించే ఏజెంటు ఒకడు, నచ్చిన ఊళ్ళు మూడు రాయమన్నాడు. ఆవిడ మూడు చోట్లా ఈ ఊరి పేరే రాసింది. వాడు తల పట్టుకున్నాడు.

"మేడం, అందరూ ఇదే అడుగుతారు. సముద్రం, ట్రాములు, కాఫీ షాపులు. లోపలి ఊళ్ళకి వెళ్తానంటే రేపే ఇప్పిస్తాను."

"నేను సముద్రం చూడ్డానికి వెళ్ళట్లేదు బాబూ."

"మరి?"

"మా ఆయన్ని చూడ్డానికి. ఫుల్‌స్టాప్."

వాడు ఇంక చేతులెత్తేశాడు. ఆవిడ సొంతంగా వచ్చేసి, కాళ్ళరిగేలా తిరిగింది. ఇంగ్లీషు నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఈ ఊళ్ళో వీధికొకటి. ఫోన్ చేస్తే అవతల తేనె ఒలికేది. మీ ఇంగ్లీషు ఎంత బాగుందండీ, వెంటనే రండి అనేవాళ్ళు. ఫోన్లో ఖాళీగా ఉన్న ఉద్యోగం ఆవిడ మెట్లెక్కేలోపు భర్తీ అయిపోయేది. ఆవిడ రంగు చూసి, పేరు విని, అయ్యయ్యో ఇప్పుడే అయిపోయిందండీ అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ మాత్రం చీర మార్చి ప్యాంటు, కోటు వేసింది, జుట్టు కత్తిరించుకుంది. ఇంకేం కత్తిరించుకుంటావక్కా అంటే నవ్వి ఊరుకుంది.

బావగారు ఆదివారాలు వచ్చేవాడు. నేను మర్యాదగా ఎక్కడికో వెళ్ళిపోయి సాయంత్రం వచ్చేదాన్ని. వచ్చేసరికి ఆయన నిద్రపోతూ ఉండేవాడు, ఆవిడ ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఉండేది. మనిషి చెడ్డవాడు కాదు, గట్టిగా మాట్లాడడు. "రేవు దగ్గర ఒక గది ఖాళీ ఉందట, చూసొద్దాం రండి" అని ఆవిడ అడిగినప్పుడల్లా "చూద్దాంలే, ముందు ఉద్యోగం రానీ" అనేవాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏం లేదు.

చివరికి ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు నమూనా పాఠం చెప్పి చూపించమన్నారు. నన్ను తోడు రమ్మంది. అద్దాల గోడల గది, పన్నెండో పదమూడో కుర్చీలు, వాటిలో ఆఫీసుల నుంచి నేరుగా వచ్చిన జనం. వెనక వరసలో డైరెక్టరమ్మ, ఆవిడ పక్కన నేను. అక్క బోర్డు మీద ఒక గీత గీసి, ఒక చివర "సిన్స్", రెండో చివర "ఫర్" రాసి, ఈ రెంటికీ తేడా చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే, ఇన్నేళ్ళ నుంచీ తప్పుగా వాడుతున్న నాకు కూడా బుర్రకెక్కింది. డైరెక్టరమ్మ తల ఊపుతోంది. ముందు వరసలో, మందుల షాపు ఉందని పరిచయం చేసుకున్న ఒకాయన పెన్ను పక్కన పడేసి నోరు తెరుచుకుని వింటున్నాడు. అయిపోయింది, ఉద్యోగం వచ్చేసింది అనుకున్నాను.

అప్పుడు అక్క మార్కర్ మూత పెట్టి, చిరునవ్వుతో, అలవాటుగా అడిగింది.

"ఎనీ డౌట్స్?"

మనకి డౌట్ అంటే ప్రశ్న. పాఠం అర్థం కాకపోతే డౌట్ అడుగుతాం, అర్థమైనా మార్కుల కోసం ఒక డౌట్ అడుగుతాం. ఒకటో క్లాసు నుంచి మన చెవుల్లో పడ్డ ఇంగ్లీషు అది. వాళ్ళు నేర్చుకున్న ఇంగ్లీషులో డౌట్ అంటే అనుమానం. మరో అర్థం లేదు.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మందుల షాపాయన మాత్రం బాగా ఆలోచించి లేచి నిలబడ్డాడు. వెటకారం కాదు పాపం, అడిగారు కాబట్టి నిజాయితీగా చెప్తున్నాడు.

"ఉంది మేడం. మీ మీదే. మీరు ఇంగ్లీషు దేశం మనిషి కాదేమోనని నా అనుమానం."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా నిలబడింది. "కాదు. ఇంగ్లీషు నేర్చుకున్న దేశం మనిషిని. మీరూ నేర్చుకుంటున్నారు కాబట్టి నా దారి మీకు తెలియాలి" అంది. మంచి జవాబే. కానీ డైరెక్టరమ్మ అప్పటికే వాచీ చూసుకుంటోంది. సోమవారం ఫోన్ చేస్తానంది.

మెట్లు దిగుతుంటే అక్క గోడకి చెయ్యి ఆనించి ఆగిపోయింది. "ఇన్నేళ్ళు పిల్లల నోట్లో తప్పులు దిద్దాను. నా నోట్లో ఉన్నది నాకు వినపడలేదే" అంది. నేను ఆ మందుల షాపాయన్ని, డైరెక్టరమ్మని, వాళ్ళ వంశాలతో సహా తిట్టాను. ఆవిడ వినలేదు.

ఆ ఆదివారం ఆస్పత్రిలో పని ఎక్కువై నీరసమొచ్చి నేను గదిలోనే ఉండిపోయాను. బావగారు వచ్చాడు. ఆవిడ అన్నం వడ్డిస్తూ జరిగింది చెప్పింది. నవ్వించేలా చెప్దామనుకుంది, కుదరలేదు.

"ఇంక పోయినట్టేనండీ. ఈ ఊళ్ళో నాకు ఎవరూ ఇవ్వరు."

నేను మంచం మీద నుంచి ఆయన ముఖమే చూస్తున్నాను. ముందు ఆ భుజాలు కిందికి దిగాయి. బరువు దించుకున్న మనిషి భుజాలు. ఆ తర్వాత గుర్తొచ్చి ముఖానికి బాధ పులుముకున్నాడు. నర్సుని కదా, నొప్పి నిజమో కాదో నాకు తెలుస్తుంది.

"పోనీలే, మనసు పాడు చేసుకోకు," అన్నాడు. "ఇంటికెళ్ళిపో. నేను ఏడాదికోసారి వస్తూనే ఉన్నాగా. టికెట్ చూడమంటావా?"

టికెట్ మాట అంత తొందరగా ఎవడంటాడు? ఒళ్ళు మండి ఏదో అనబోయాను. అక్క నావైపు చూసింది. ఆయన ఆ రోజు కూర మళ్ళీ వేయించుకుని తిన్నాడు, బాగుందని మెచ్చుకున్నాడు. ఆవిడ వేస్తూనే ఉంది.

ఆయన్ని నేను ఇప్పటికీ చెడ్డవాడనను. ఇన్నేళ్ళు ఎవరికీ జవాబు చెప్పకుండా బతికాడు. క్రేన్ మీద, పేకాట దగ్గర, నిద్రలో, తనకి తానే యజమాని. ఆ బతుకుకి ఇంకో మనిషి అడ్డమొస్తుందని భయపడ్డాడు. భయపడితే భయపడ్డానని చెప్పొచ్చుగా? ఆవిడ అంత దూరం నుంచి ఉద్యోగం వదులుకుని, జుట్టు కత్తిరించుకుని రాకముందే చెప్పొచ్చుగా? ఆ ఒక్క మాట చెప్పలేని మెత్తదనం నాకు దుర్మార్గం కన్నా రోత.

సోమవారం డైరెక్టరమ్మ పిలిపించింది. కాఫీ ఇచ్చి, పాఠం అద్భుతమంది. రెండు ఉద్యోగాలున్నాయట. ఒకటి ఇదే ఊళ్ళో, ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడించే పని. అద్దాల గది వెనక, తలుపు లేని చెక్క డబ్బాల్లాంటి గదుల్లో కూర్చోవాలి. మనిషి కనపడదు కాబట్టి పేరు మారుస్తారు, ఏ దేశం అని అడిగితే వాళ్ళు రాసిచ్చింది చెప్పాలి. రెండోది రైల్లో ఒక రాత్రి, ఒక పగలు వెళ్తే వచ్చే ఊళ్ళో, గనుల పక్కన. అక్కడికి ఎవరూ పోరు కాబట్టి ఎవరైనా పరవాలేదట. సొంత పేరు, సొంత క్లాసు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమంది.

అక్క గదికొచ్చి ఇదంతా నాతో చెప్పి, "పేరు మారిస్తే ఏమైందిలే, ఉండేది ఇక్కడేగా" అంది. తనొక్కతే చూసొచ్చిన రేవు దగ్గరి గదికి పరదా కూడా మాట్లాడేసింది, కిటికీ చిన్నదే కాబట్టి ఒక్కటి చాలట. నాకు ఏడుపొచ్చింది. ఆ ఆదివారం తర్వాత కూడా ఆవిడకి ఆశ ఉంది.

బావగారికి ఫోన్ చేసింది. చేతుల నిండా ఉతికిన బట్టలున్నాయని స్పీకర్ పెట్టింది.

"ఏమండీ, ఉద్యోగం వచ్చింది."

క్రేన్ ఆపినట్టున్నాడు, గాలి హోరు మాత్రం వినిపిస్తోంది. ఒక "అబ్బా" లేదు, ఒక "నిజమా" లేదు. అడిగింది ఒక్కటే.

"ఎక్కడ?"

ఆ గొంతు నేను ఆస్పత్రిలో రోజూ వింటాను. రిపోర్టు ఏమొచ్చింది డాక్టర్ గారూ అని అడిగేవాళ్ళ గొంతు. అక్క చేతిలో బట్టలు అలాగే పట్టుకుని ఫోన్ వైపు చూసింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, రెండో ఊరి పేరు చెప్పింది.

"అయ్యో, అంత దూరమా!" అన్నాడు ఆయన. ఎంత తేలిగ్గా ఊపిరి వదిలాడో స్పీకర్‌లో బుస్సుమంది. "ఏం చేస్తాం చెప్పు, మన ఖర్మ. వెళ్ళు, వెళ్ళు. వచ్చిన అవకాశం వదులుకోకు. సెలవులకి వస్తాలే."

ఆవిడ ఫోన్ పెట్టేసింది.

"విన్నావా," అంది నాతో, "ఎంత సంతోషంగా బాధపడుతున్నాడో."

బట్టలన్నీ మడతపెట్టింది, ఆయన చొక్కా ఒకటుంటే అది కూడా. తర్వాత డైరెక్టరమ్మకి ఫోన్ చేసి గనుల ఊరు ఖాయం చేసింది. అవతల ఆవిడ ఆశ్చర్యపోయింది. మీరు ఈ ఊరి కోసమే వచ్చానన్నారు, మీ భర్త ఇక్కడే ఉన్నారన్నారు, మరి ఆయనకి ఇబ్బంది కాదా అని అడిగింది.

"ఆయనకేం ఇబ్బంది లేదండీ," అంది అక్క, తప్పు లేని ఇంగ్లీషులో.