వాసన లేని గ్యాసు

ఆ కోల్డ్ స్టోరేజీలో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రీ అంటారు. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా పైపు ఎక్కడ కారినా, లీకు కనిపెట్టే మీటరు కూత పెట్టకముందే ఆయన పసిగట్టేస్తాడని పేరు. పసిగట్టడమే కాదు, నలుగురి మధ్యా నిలబడి "అదిగో, ఆ మూల జాయింటు" అని వేలు పెట్టి చూపిస్తాడు. కొత్త మీటర్లు కొనమని ఎవరైనా అడిగితే, "మేస్త్రీ ముక్కుండగా అవెందుకయ్యా" అని మేనేజరు నవ్వేసేవాడు.

పేరుదేముంది, ఒకసారి అంటుకుంటే ఓ పట్టాన వదలదు. నిజానికి ఆ ముక్కు పనిచేయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒకసారి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది, దాంతోపాటే వాసనా పోయింది. సబ్బు, పెట్రోలు, పసిపిల్లల తల, దేనికీ వాసన లేదు. మొదట్లో తిరిగొస్తుందిలే అనుకున్నాడు. రాలేదు. అప్పటికే ఆ ముక్కు మీదే ఉద్యోగం, ఆ ముక్కు మీదే చుట్టాల్లో గౌరవం నడుస్తున్నాయి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పడం? చెప్పలేదు.

మరి ఎలా నెట్టుకొచ్చాడంటే, మొహాలు చూసి. ఎవడి ముక్కుపుటాలు ముందు అదురుతాయా, ఎవడి కనుబొమలు ముడిపడతాయా అని కళ్ళలో వత్తులు వేసుకుని చూసేవాడు. వాడు "ఏంటీ కంపు" అని నోరు తెరిచేలోగా తానే అనేసేవాడు. లీకు పెద్దదైతే కళ్ళు మండేవి, గొంతు పట్టేసేది, అప్పుడు ఎవరి మొహంతోనూ పని లేదు. చిన్న లీకులతోనే చావొచ్చి పడేది. మెషీన్ రూములోకి ఒంటరిగా వెళ్ళేవాడు కాదు. ఏదో ఒక మొహం తోడుండాల్సిందే. ఇలా పరాయి మొహాలు చదివీ చదివీ మనిషి అలిసిపోయాడు. బరువులు మోసినా అంత అలసట ఉండదేమో. ఇంటికొచ్చాక చెప్పులు విప్పే ఓపిక కూడా లేక, గుమ్మంలోనే కాసేపు కూలబడిపోయేవాడు.

అందుకే అమ్మోనియా తీసేసి కార్బన్ డయాక్సైడ్ పెడతారని తెలిసిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు మేస్త్రీయే. గోడౌన్ చుట్టూ ఇళ్ళు పెరిగాయి, అమ్మోనియా కారితే వీధి వీధంతా ఖాళీ చేయించాలి. కొత్త గ్యాసు అలా ఊరి మీద పడేది కాదు. మనం వదిలే ఊపిరిలో ఉన్నదే, సోడా బుడగల్లో ఉన్నదే. కాకపోతే దాని ఒత్తిడి చాలా ఎక్కువ, మందపాటి పైపులు కావాలి.

"సోడా గ్యాసుతో చేపలు గడ్డకడతాయా మేస్త్రీ గారూ?" అని లోడింగ్ వాళ్ళు పడీ పడీ నవ్వారు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు. "దీనికి రంగూ లేదు, వాసనా లేదండీ. కారితే నేలబారున పేరుకుంటుంది. మూసిన గదిలో అయితే తెలిసేలోపే మనిషి పడిపోతాడు. అందుకే మీటర్లు కిందకి బిగిస్తున్నాం. అవి కూశాయంటే బయటికి పరిగెత్తండి. ముక్కుని నమ్ముకోకండి. దీని దగ్గర అందరి ముక్కులూ ఒకటే."

అందరూ బిక్కమొహాలు వేశారు. ఆ చివరి మాటకు మేస్త్రీ గుండె మాత్రం తేలికపడింది. ఇంకొన్నాళ్ళు పళ్ళ బిగువున లాక్కొస్తే చాలు, అందరూ తనలాంటి వాళ్ళే అవుతారు.

పాత పైపులు కోసి తీసే పని మేస్త్రీ బావమరిదికి దొరికింది. అతను వెల్డరు. నోరు పెద్దది, మనసు మంచిది, బావ మాటంటే గురి. అమ్మోనియా అంతా ముందే లాగేశారు గానీ, వంపుల్లో, అడుగున పట్టిన నూనెలో కొంత మిగిలిపోతుంది. అలాంటి పైపుకు నిప్పు తగిలితే పేలుతుంది. అందుకని ముందు మూత విప్పి వాసన చూసి, మేస్త్రీ "కొయ్యి" అంటేనే కోయాలి. ఉన్న ఒక్క చేతి మీటరూ కొత్త పైపులు బిగిస్తున్న షెడ్డులో ఇంజనీరమ్మ దగ్గరుంది. పాత షెడ్డుకు మేస్త్రీ ముక్కు చాలని మేనేజరు తేల్చేశాడు.

పొద్దున బాగానే నడిచింది. మూత విప్పినప్పుడల్లా మేస్త్రీ బావమరిది మొహం చూశాడు. ఆ మొహం మామూలుగా ఉంటే కొయ్యమన్నాడు. భోజనాల తర్వాత సేఫ్టీ ఆయన వచ్చి, వట్టి మొహంతో పనేంటని బావమరిదిని చెడామడా తిట్టి, ముక్కూ నోరూ మూసే మాస్కు, దాని మీద నల్ల అద్దం హెల్మెట్టు పెట్టించి మరీ వెళ్ళాడు.

తర్వాతి పైపు మూత విప్పారు. మేస్త్రీ వంగి గట్టిగా పీల్చాడు. ఏమీ తెలియలేదు. అలవాటుగా తల తిప్పి చూశాడు. నల్ల అద్దంలో తన మొహమే కనపడింది.

"ఏంటి బావా అంతసేపు? అత్తరు సీసా అనుకున్నావా?" హెల్మెట్టు లోపల్నుంచి మాట వినపడింది. "కొయ్యనా?"

'కొయ్యి' అన్న మాట నాలుక చివరే ఉంది. ఏమీ ఉండకపోవచ్చు కూడా. బావమరిది పైపులు కోసే మంట టార్చి వెలిగించాడు. మేస్త్రీ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆగరా! ఆర్పెయ్! నాకు వాసన తెలీదు."

"జలుబు చేసిందా?"

"జలుబు కాదు. అసలు తెలీదు. ఏళ్ళ నుంచీ తెలీదు."

బావమరిది టార్చి ఆర్పాడు. హెల్మెట్టూ మాస్కూ తీసి కింద పెట్టి, పైపు దగ్గరికి వంగాడు. మొహం ముడుచుకుంది.

"ఉంది బావా. పైకి సన్నగానే వస్తోంది గానీ, ఆ వంపులో ఎంతుందో." గోడవారనున్న పైపు ముక్కల వైపు చూశాడు. "మరి పొద్దున కోసినవో?"

"అప్పుడు నీ మొహం కనపడిందిరా. నీ మొహం చూసే చెప్పాను."

ఇద్దరూ గోడకు ఆనుకుని కూర్చున్నారు. మేస్త్రీకి సిగ్గుగా ఉంది, భయంగా ఉంది, అన్నిటికంటే ఎక్కువగా నిద్ర ముంచుకొస్తోంది.

"అక్కకి తెలుసా?" అని అడిగాడు బావమరిది.

అక్కకి తెలుసు. స్టవ్ మీద పాలు మాడి వంటిల్లంతా పొగ కమ్ముతుంటే, పక్క గదిలో తీరిగ్గా పేపరు చదువుకుంటున్న మొగుణ్ణి చూసిన రోజే నిలదీసి నిజం రాబట్టింది. తన తమ్ముడు ఆ ముక్కును నమ్ముకునే పైపులకు నిప్పు పెడుతున్నాడనీ తెలుసు. అయినా సంసారం గడవాలి కదా అని నోరు విప్పలేదు. ఈ సంగతి బయటపడితే అక్కాతమ్ముళ్ళు ఇక ఒకరి గడప ఒకరు తొక్కరు.

"తెలీదు," అన్నాడు మేస్త్రీ.

గోడ పట్టుకుని లేచి, మేనేజరు గదివైపు నడిచాడు.