మైకులో దొరికిన అల్లుడు

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. మొన్న రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ఈ మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతున్నాను. ఖమ్మం బస్టాండులో పల్లీలమ్మే ఆమెకు చెప్పాను. బస్సెక్కి కండక్టర్‌కు చెప్పాను. ఆయన, "మంచిదమ్మా, ఆధార్ కార్డు చూపియ్" అన్నాడు.

అందరికంటే ముందు చెప్పాల్సింది మా యాదగిరి పెదనాయినకు. ఫోన్ ఎత్తగానే, "పెదనాయినా, నేను డిగ్రీ పాసైన" అని బస్సంతా వినపడేలా అరిచాను. మెచ్చుకోలు వినడానికి ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాను.

"సంతోషం బిడ్డా," అన్నాడు. "అల్లుడు కులాసనేనా?"

నాకు పెళ్లి కాలేదు. అయినా మా ఊళ్లో ఎవర్ని కదిలించినా ఇదే ప్రశ్న. ఎందుకంటే మూడేళ్ల కిందటి దసరాకు, ఒక్క సెట్టు వాలీబాల్ జరిగినంత సేపు, నాకు మొగుడున్నాడు. అతన్ని వెతికి తెచ్చింది నేనే. మైకులో ఊరందరికీ ప్రకటించింది నేనే. ఆ సంబంధం కుదరడానికి పట్టినంత టైము కూడా చెడడానికి పట్టలేదు. మీరు నవ్వుకోవడానికి సిద్ధంగా ఉంటే చెబుతాను. సిద్ధంగా లేకపోయినా చెబుతాను, డిగ్రీ పాసైన ఊపులో ఉన్నాను.

మాది ఏన్కూరు దాటి అడవి అంచుకు పోతే వచ్చే ఊరు. పత్తి, మిర్చి, దసరాకు వాలీబాల్, ఇవీ మేం పండించేవి. మొదటి రెండిట్లో ఏదో ఒకటి చేతికొస్తుంది. మూడోది మాత్రం అప్పట్లో ఏటా వాగు అవతలి ఊరివాళ్లు కోసుకుపోయేవాళ్లు.

మా టీముకు గురువు పెదనాయిన. బొగ్గుగనిలో పనిచేసి రిటైరై వచ్చాక, రోజూ సాయంత్రం ఊరి పిల్లల్ని పోగేసి బడి గ్రౌండులో ఆడించేవాడు. గొంతు ఇంకా సరిగ్గా మారని పిల్లలు. గాలి గట్టిగా వీస్తే నెట్టు ఒక్కటే నిలబడేది. వాళ్లలో షూటర్ వినయ్. నాకు పెదనాయిన వరసయ్యే ఇంకొకాయన కొడుకు. వాడు ఎగిరి కొట్టిన బాల్ అప్పుడప్పుడు గ్రౌండులో కూడా పడేది.

నేనప్పుడు ఖమ్మం హాస్టల్లో డిగ్రీ మొదటి ఏడాది. కాలేజీలో చేరి పట్టుమని ఒక వానాకాలం గడవలేదు, తెలివి మాత్రం మా వాగు పొంగినట్టు పొంగింది. హాస్టల్లో అమ్మాయిలందరం ఒకే ఫోన్ మీద పడి ఆటగాళ్ల వేలంపాట చూసేవాళ్లం. అది చూసినప్పటి నుంచి టీమంటే ఎట్లా కట్టాలో ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసని నా నమ్మకం.

మా నాయినకు నన్ను ఖమ్మం పంపడం సుతరామూ ఇష్టం లేదు. పెదనాయిన కూర్చోబెట్టి చెబితే, "నీ మాట మీద ఈ ఒక్క ఏడు జూస్త అన్నా. పిల్ల తలకాయ తిరిగిందనుకో, తెల్లారే వాపస్ తోల్కొస్త" అని ఒప్పుకున్నాడు. ఈ షరతు మీరు గుర్తుపెట్టుకోండి. నేనైతే మరిచిపోయాను.

దసరా సెలవులకు వచ్చిన రోజే గ్రౌండుకు పోయి పెదనాయినకు క్లాసు పీకాను.

"పెదనాయినా, ఈ పోరగాళ్లు తయారయ్యేసరికి నీ నోట్ల పండ్లుండయ్. పెద్ద పెద్ద టీములు ఏం జేస్తున్నయో ఎర్కేనా? తయారైన ప్లేయర్‌ను తెచ్చుకుంటున్నయి."

"తెచ్చుకుంటే?"

"గెలుస్తరు."

"ఎవరు గెలిచినట్టు? తెచ్చినోళ్లా, వచ్చినోడా?"

"కప్పు మీద గదంత రాయరు."

ఆయన ఈల మెడలోకి జార్చుకుని నావైపు జాలిగా చూశాడు. "మిర్చి నారు పోసిన తెల్లారే కారం దంచుతవా బిడ్డా?"

"కారం ప్యాకెట్లల్ల దొరుకుతుంది పెదనాయినా."

"ప్యాకెట్ల కారం తిని మనూరి పోరగాళ్లు ఎట్ల పెరుగుతరు?"

"పెరుగుడు తర్వాత. ముందు గెలవాలె. దీన్ని రిజల్ట్ ఓరియెంటెడ్ అంటరు."

"అది తినేదా, పూసుకునేదా?"

పక్కనే ఉన్న వినయ్ వంగి లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడి కాళ్లకున్నవి హవాయి చెప్పులు. చెప్పులకు లేసులుండవన్న సంగతి నాకు ఆ క్షణంలో తట్టలేదు. నా చూపు అప్పటికే కప్పు మీద ఉంది.

చివరికి పెదనాయిన, "సరే. చదువుకుంటున్న పిల్లవు. నీ ముచ్చట గూడ జూద్దాం" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను. ముసలివాళ్లు "సరే" అన్నారంటే గొయ్యి ఎంత లోతుందో మనల్నే దిగి చూసుకోమని అర్థమట. అది తర్వాత తెలిసింది.

హాస్టల్లో నా రూమ్మేటుది పినపాక దిక్కు. వాళ్ల వైపు నరేష్ అని ఒక షూటరున్నాడనీ, అతను కొడితే బాల్ కాదు, నేల ఏడుస్తుందనీ చెప్పేది. నంబరు తీసుకుని ఫోన్ చేశాను.

"ఏ ఊరోళ్లతోటి మ్యాచ్?" అన్నాడు నరేష్.

వాగు అవతలి ఊరి పేరు చెప్పాను. నా మాట పూర్తి కూడా కానివ్వలేదు.

"వస్త," అన్నాడు. "పైసలు గిట్ల ఏం వద్దు. నాటుకోడి వండిపియ్యి, చాలు. ఆ ఊరి మీద కొట్టాలని శాన ఉంది నాకు."

ఆట మీద ఇంత భక్తి ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారా అని నా కళ్లు చెమర్చాయి.

ఒక్కటే చిక్కు. మా దసరా పోటీల్లో ఊరివాళ్లే ఆడాలి, బయటివాళ్లు కుదరదు. అయితే ఊరి ఆడపిల్లను చేసుకున్న అల్లుడు ఆడొచ్చు. వెనకటికి ఎవరింటి అల్లుడో పండక్కి వచ్చి, తనను ఆడనివ్వలేదని అలిగి, అన్నం ముట్టకుండా తిరుగు బస్సెక్కాడట. అప్పటి నుంచి అల్లుడంటే ఊరివాడే అని రెండూళ్ల పెద్దమనుషులు రూలు పెట్టారు. నా పథకం సులువు. నరేష్‌ను "ఊరి అల్లుడు" అనేద్దాం. అంత పెద్ద ఊళ్లో ఏ ఇంటి అల్లుడని ఎవరడుగుతారు?

పండగ రోజు నరేష్ బండి మీద దిగాడు. చెయ్యెత్తి నిలబడితే నెట్టు అతని మోచేతికి వచ్చేలా ఉన్నాడు. మా అమ్మతో, కాలేజీ స్నేహితురాలి అన్న అని చెప్పి నాటుకోడి వండించాను. ముక్క మీద ముక్క వేయించుకుంటూ, "గిట్ల పెట్టాలె మనిషికి. గిది మర్యాదంటే" అని కళ్లొత్తుకున్నాడు. గ్రౌండుకు బయల్దేరేటప్పుడు తలకూ మూతికీ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు.

"అదేంది?" అన్నాను.

"నా స్టైల్," అన్నాడు.

స్టారన్నాక స్టైలుంటుంది కదా. నేను నమ్మాను.

మైకు నా చేతిలో ఉంది. చదువుకుంటున్న పిల్లనని కామెంటరీ నాకే ఇచ్చారు. టీములు దిగాయి. వినయ్‌ను పక్కన కూర్చోబెట్టి నరేష్ నెట్టు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు వాగు అవతలి పెద్దమనిషి కిష్టయ్య లేచి, తువ్వాలు చుట్టుకున్న మా స్టార్‌ను ఎగాదిగా చూసి, నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"గీ పిలగాడెవరమ్మా?"

"మా ఊరి అల్లుడు," అన్నాను మైకులో, ఠీవిగా.

"అట్లనా. మంచిది. ఎవరింటి అల్లుడు?"

ప్రిపేరైన ప్రశ్నలు కాక వేరేవి వస్తే పరీక్షలో ఏం చేస్తాం? తెలిసిన జవాబే రాసేస్తాం. నాకు బాగా తెలిసిన ఇల్లు ఒక్కటే.

"మా ఇంటి అల్లుడే," అన్నాను.

స్పీకర్లు రెండూ ఆ మాటను వాగు దాటించాయి. మా నాయినకు నేనొక్కదాన్నే సంతానమన్న సంగతి మాట నోరు దాటాక గుర్తొచ్చింది. మా అమ్మ తాగుతున్న సోడా ముక్కులోంచి వచ్చింది. కిష్టయ్య మాత్రం మీసం కింద నవ్వుకుని, "మంచిగున్నడు అల్లుడు," అంటూ జేబులోంచి ఫోన్ తీసి పక్కకు నడిచాడు.

నాయిన లేచాడు. జనం దారిచ్చారు. వచ్చి మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు, కానీ ఆ చెయ్యి మైకు పట్టుకునే చోట పెట్టాడు.

"పెండ్లెప్పుడైంది?" అని గుసగుసగా అడిగాడు. ఆ గుసగుస కూడా వాగు దాటింది.

"నాయినా, మైకు ఆన్‌ల ఉంది."

"నీ చదువు ఆఫయింది."

ఇదీ నా పరిస్థితి. అబద్ధమని ఒప్పుకుంటే, దొంగ ప్లేయర్‌ను తెచ్చామని ఊరి పరువు పోతుంది. ఒప్పుకోకపోతే ఖమ్మం పోతుంది. మ్యాచ్ గెలిచాక నాయినకు నెమ్మదిగా చెప్పుకుందాంలే అని నోరు మూసుకున్నాను. జీవితంలో నోరు మూసుకోవాల్సిన సమయాలు చాలా ఉంటాయి. నేను ఎంచుకున్నది మాత్రం వాటిలో ఒకటి కాదు.

మొదటి సెట్టు నరేష్ కొట్టిన కొట్టుడికి అవతలివాళ్లు బాల్ కోసం కాక ప్రాణాల కోసం పరిగెత్తారు. సెట్టు మాది. అయితే మా ఊరివాళ్లు ప్లేయర్‌ను మరిచిపోయి అల్లుణ్ని పట్టుకున్నారు. ముసలమ్మలు సోడా కొట్టి ఇచ్చారు. బాల్ బయటికి పోతే అల్లుడు వంగడం బాగుండదని మా అమ్మమ్మ వరసామె తెచ్చి చేతికందించింది. పెదనాయినకు తప్పులు కనిపిస్తున్నాయి, ఈల నోటిదాకా తెచ్చి ఆపుకుంటున్నాడు. కొత్త అల్లుణ్ని నలుగురిలో ఎట్లా తిడతారు? మా పిల్లలైతే, "బావా, నువ్వే కొట్టు బావా" అని ఒకటే గౌరవం.

రెండో సెట్టు మొదలవుతుండగా ఆటో ఒకటి వాగు దాటి దుమ్ము లేపుకుంటూ వచ్చి గ్రౌండు అంచున ఆగింది. పట్టుచీరలో ఒకామె దిగి నేరుగా లోపలికి నడిచింది.

అలవాటు కొద్దీ మైకులో, "దయచేసి మహిళలు గ్రౌండులోకి రావద్దు" అన్నాను.

ఆమె నెట్టు దగ్గరికి పోయి, నరేష్ మూతికున్న తువ్వాలు ఒక్క గుంజు గుంజింది.

"ఏమయ్యా, డ్యూటీ ఉంది, పండక్కి రానంటివి. డ్యూటీ ఇదేనా?"

తర్వాత నావైపు తిరిగింది. "అక్కా, మా బాపు ఫోన్ జేసిండు. ఈన నీ మొగుడంట గద. మంచిగ జూసుకుంటున్నడా? నాకైతే దసరాకు చీర గూడ తేలే."

మా బాపు అంటే ఎవరనుకున్నారు, కిష్టయ్య. ఆ ఎండాకాలంలోనే పెళ్లయిందట. పెళ్లి పినపాక దిక్కు పిల్లవాడి ఊళ్లో జరగడంతో మా ఊళ్లో ఎవరికీ మొహం తెలియదు. నేను వెతికి వెతికి తెచ్చిన స్టార్, మా ప్రత్యర్థి ఊరి సొంత అల్లుడు. నా మొగుణ్ని ఏ ఇంటి అల్లుడని నన్నడిగినాయన, సాక్షాత్తూ అతని మామ.

"ఎందుకొచ్చినవ్ రా ఇటు?" అన్నాడు కిష్టయ్య.

నరేష్ తలొంచుకున్నాడు. "పెండ్లయినంక మొదటిసారి వస్తే నా ప్లేటుల అన్ని కండ లేని కోడి బొక్కలే ఏసిన్రు మామా. ఒక్క ముక్క లేదు. ఈళ్లు ముక్కలేసిన్రు."

"మాపటికి మనింట్ల గూడ ముక్కలే. దా."

నరేష్ నెట్టు కింద నుంచి వంగి అవతలికి పోయాడు. మా ఊళ్లో బాల్ కోసం వంగని మనిషి ముక్క కోసం వంగాడు.

కిష్టయ్య మా పెదనాయినతో, "యాదన్నా, రూల్ ప్రకారం మాట్లాడుదాం. మా అల్లుడు మా దిక్కు ఆడొద్దా?" అన్నాడు.

"ఆడాలె," అన్నాడు పెదనాయిన.

"మీరు గెలిచిన సెట్టు మీదే, ఉంచుకోండ్రి. మా అల్లుడు కొట్టిందే గద."

పెదనాయిన వెనక్కి తిరిగి, "వినయ్, దిగు," అన్నాడు. వాడు చెప్పులు విప్పి దిగాడు. మా నాటుకోడి తిన్న బలంతో నరేష్ మా మీదే కొట్టాడు. అయినా పిల్లలు చివరి సెట్టు చివరిదాకా లాగారు. ఆఖరి బాల్ వినయ్ కొట్టింది గీత బయట పడింది. చెప్పాను కదా, అప్పుడప్పుడే లోపల పడుతుందని.

ఇంటికొచ్చాక నాయిన వరండాలో కూర్చుని, "సంచి ఇప్పెయ్యి. ఇగ ఖమ్మం బంద్," అన్నాడు. నేను ఏడుస్తూ సంచి విప్పాను. రిజల్ట్ ఓరియెంటెడ్ అన్న మాట ఎక్కడ దాక్కుందో కూడా తెలియదు.

వెనకే వచ్చిన పెదనాయిన గుమ్మం దగ్గర ఆగాడు. "నారు పోసి ఇంక మొదటి తడే గాలే. గప్పుడే పీకుతవా తమ్మీ?"

"ఇది నారు గాదన్నా. గడ్డి."

"కాయ కాసినంక తెలుస్తది."

సెలవులకు వచ్చిన రోజు నేను ప్యాకెట్ కారంతో కొట్టిపారేసిన మాట అదే. పండగ సాయంత్రానికి నేను దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను. నాయిన ఇంకా మెత్తబడలేదు. అప్పుడు పెదనాయిన వెనక నుంచి, మోకాళ్ల నిండా మట్టితో ఉన్న వినయ్ మెల్లగా అన్నాడు.

"పోనియ్యి బాబాయ్. అక్క ఊళ్లనే ఉంటే, వచ్చే దసరాకు ఇంకో అల్లుణ్ని తెస్తది."

నాయిన వాణ్ని చూశాడు. నన్ను చూశాడు. "పొద్దుగాల ఫస్ట్ బస్సుకే పో," అన్నాడు.

అట్లా చదివిన డిగ్రీ ఇది. నా చదువు నిలబెట్టింది పెదనాయినా, వినయూ అయితే, మీకు చెప్పుకు తిరిగేది మాత్రం నేను. వినయ్ ఇప్పుడు నెట్టు పైనుంచి కొడుతున్నాడు. మొన్న దసరాకు కప్పు కూడా మా ఊళ్లోనే ఉండిపోయింది. బయటివాళ్లు ఒక్కరు లేరు, అందరూ పెదనాయిన నారే.

"ఈ దసరాకు వచ్చి కామెంటరీ చెప్తా పెదనాయినా," అన్నాను మొన్న ఫోన్లో.

"వద్దు బిడ్డా. నువ్వొచ్చి సోడా తాగు. మైకు వినయ్ పట్టుకుంటడు."

కాబట్టి కొత్తగా వచ్చిన నా డిగ్రీ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకమీదట మైకు ముందు అల్లుడన్న మాట ఎత్తను. రేపు నిజంగానే నాకు పెళ్లి కుదిరినా, పెళ్లికొడుకును ముందు వాగు అవతలి ఊళ్లో ఓసారి తిప్పి తెస్తాను. అక్కడ ఎవరూ అల్లుడా అంటూ ముక్కలేసి పిలవలేదని రూఢి చేసుకున్నాకే తాళికి మెడ వంచుతాను.