బాప్తిస్మపు తొట్టిలో విత్తనాలు

మొన్న ఆదివారం ఆరాధనకు కాస్త ముందే వెళ్లాను. మందిరంలో ఎవరూ లేరు. బాప్తిస్మపు తొట్టిలోకి నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. భుజాన బైబిలు సంచి దించకుండానే వెళ్లి, తొట్టి మీది చెక్క ఎత్తి చూశాను. నీళ్లు తప్ప ఏమీ లేవు. ఉండవని తెలుసు, అయినా చూడకుండా ఉండలేను.

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు కింద ఉన్న మా తెలుగు మందిరానికి యమున పెద్ద దూరం కాదు. నది ఒడ్డు పల్లపు పొలాల్లో కూరగాయలు పండించే కుటుంబాలకు వానల ముందు సాయపడటం మా స్త్రీల సమాజానికి ఏటా ఉన్న పరిచర్య. వాళ్ల కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టించేవాళ్లం, సామాను మూటలు కట్టించేవాళ్లం, రోడ్డు పక్క డేరాలకు టార్పాలిన్లు ఇచ్చేవాళ్లం. అక్కడ ఒక ముసలావిడ ఉండేది, అందరం దాదీ అనే పిలిచేవాళ్లం. ఎంత తొందరపెట్టినా, "సామాను ఆఖర్న, బేటీ. ముందు బీజం," అనేది. నీరు రాకముందే విత్తనం గట్టెక్కాలి, అదీ వాళ్ల పద్ధతి. ఆమె దగ్గరున్నది అత్తగారిచ్చిన సొర విత్తనం. ఏటా కాయ ఎండబెట్టి మళ్లీ తీసి దాచేది. డేరాలో పెడితే తడి, మందిరం గదిలో పెడితే ఎలుకలు. పాస్టరమ్మగారే ఉపాయం చెప్పారు: బాప్తిస్మాలు ఈస్టరుకే అయిపోతాయి, వానాకాలమంతా తొట్టి ఎండిపోయి ఉంటుంది, చెక్కలు మూస్తే ఎలుక దూరదు. దాదీ లోపలికి తొంగిచూసి, "మీ దేవుడి స్నానాలగదా? అచ్ఛా, ఆయన ఊళ్లో లేనప్పుడు నా సామాను పెట్టుకుంటాలే," అని నవ్వింది. చలికాలంలో మాకు ఆ సొరకాయలు తెచ్చేది. పాలు పోసిన ఆ కూర ఘుమఘుమలాడే ఆదివారాల్లో ప్రసంగం కాస్త పొడుగనిపించేది, దేవుడు క్షమించుగాక.

ఒక ఏడాది నది ముందే పొంగింది. విత్తనం తొట్టిలోకి, మనుషులు రోడ్డు మీదికి చేరారు. అప్పుడే మా సంఘంలోని ఒక అధికారికి బదిలీ ఆర్డరు వచ్చింది. ఢిల్లీ వదిలేలోగా బాప్తిస్మం పొందాలన్నాడు. కూతురింటి నుంచి ఆ రోజే తిరిగొచ్చిన సంఘపెద్దగారు ఆ సంతోషంలో శనివారం సాయంత్రం బయటి పంపు తిప్పేశారు. మూసిన చెక్కల కింద రాత్రంతా నీళ్లు నిండాయి. పొద్దున చెక్కలు తీస్తే గుడ్డమూటలు ఉబ్బి తేలుతున్నాయి. "నాకెవరూ చెప్పలేదేంటమ్మా!" అంటూ ఆయన తెల్లచొక్కాతోనే దిగి, ఒక్కొక్క మూటా అందించారు. బాప్తిస్మం ఆ నీళ్లలోనే జరిగింది. పాట ఎవరమూ గట్టిగా పాడలేకపోయాం.

మూటలు దాదీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆరబెడదామంటే వాన వదల్లేదు. కొన్నాళ్లకు విత్తనాలు తెల్లగా మొలకలెత్తాయి. ఒకటి అరచేతిలో పెట్టుకుని, "చూడు, బతికింది. నా పొలమేమో నీళ్ల కింద. దీన్నెక్కడ పెట్టను, బేటీ?" అంది. సంఘపెద్దగారు చేతులు జోడించి నిలబడ్డారు. "ఊరుకో భయ్యా. యమునా మయ్యా తీసుకుపోతే తిట్టేదాన్ని. నువ్వు దేవుడి కోసం నీళ్లు పెట్టావు. ఎవర్ని తిట్టను?" అంది. రోడ్డు డివైడరు మట్టిలో కొన్ని గుచ్చింది. ఆవులు మేసేశాయి.

ఆ చలికాలం కూడా సొరకాయ తెచ్చింది. "బజారు బీజం, బేటీ. తినండి," అని, మా ముఖాలు చూడకుండా గడప మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ తరవాత రెండు చలికాలాలు కూడా ఆమె బతకలేదు. కాలాలు దేవుని చేతిలో ఉన్నాయని ఇప్పటికీ నమ్ముతాను; ఆ మొలకలకు కావలసింది మాత్రం నీళ్లు దిగి పొలం బయటపడేదాకా గడువు.