పడమటి హద్దులో పులి

ఇంటికి అర్జీ పెట్టినప్పుడు పంచాయతీలో అడిగిన మొదటి ప్రశ్న, నాలుగు పక్కలా ఏమున్నాయని. మా జాగా చంద్రపూర్‌కు అవతల, అడవిని ఆనుకున్న ఊళ్ళో ఉంది. అక్కడ గోడ లేవాలంటే ముందు అడవి శాఖవాళ్ళు అభ్యంతరం లేదనాలి, ఆ తర్వాత పంచాయతీ సభలో సరే అనాలి. ఆ రోజు మా ఆయనకు పగటి డ్యూటీ. హద్దులు చెప్పడానికి నేనే వెళ్ళాను.

తూర్పున బాట, ఉత్తరాన పశువులు మేసే బీడు, దక్షిణాన ఒకామె పత్తి చేను. ఇంతవరకు మరాఠీలో బాగానే చెప్పాను. నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు మా అమ్మ ఇంట్లోనే, వ్రతకథల పుస్తకం ముందు కూర్చోబెట్టి నేర్పింది. మరాఠీ మాత్రం బజారులో చెవిన పడినంతే. పడమరకు వచ్చేసరికి వాగుకు మరాఠీ మాట తట్టలేదు. “వాగు ఆహే” అన్నాను, వాగు ఉందని. గుమాస్తా తలెత్తి, నిజమేనా అని అడిగాడు. నిజమే, వానాకాలం వస్తుంది, ఎండాకాలం కనబడదు అని చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా రాసుకున్నాడు.

మా ఆయన పనిచేసే కార్ఖానాలో ఆ ఏడు మనుషుల్ని తగ్గిస్తున్నారు. ఆయన కూడా మానేస్తానని సంతకం పెట్టి వచ్చాడు. మృగశిర కార్తెకల్లా క్వార్టరు ఖాళీ చేయాలి. అప్పటికి తల మీదికి ఒక కప్పు లేకపోతే ఎక్కడికి పోవాలో ఇద్దరికీ తెలియదు. అందుకే వారానికి రెండుసార్లు ఆ ఊరు పోయి పంచాయతీ బల్ల మీద కూర్చునేదాన్ని. ఫైలు రాలేదనేవారు, లేదా వచ్చిన ఫైలు మళ్ళీ పోయిందనేవారు. అక్కడ ఊడ్చే ఆమె ప్రతిసారీ అడగకుండానే కుండలో నీళ్ళు ముంచి ఇచ్చేది. ఆ నీళ్ళు తాగి, దేవుణ్ణి తలుచుకుని, తిరిగి వచ్చేదాన్ని. నడుము నొప్పి అప్పుడు మొదలైందే.

చివరికి ఒక నోటీసు వచ్చింది. మా ఆయన రాజురాలో మరాఠీ బడిలో చదువుకున్న మనిషి. దాన్ని గట్టిగా చదువుతూ ఒకచోట ఆగిపోయాడు.

“పడమర దిక్కున వాఘ్ అని రాసిండ్రు. పులి. గీ పులి యాడికెల్లి వచ్చిందే?”

“నేను వాగని చెప్పిన.”

“నువ్వు వాగన్నవ్. ఆయనకు వాఘ్ అని ఇనబడ్డది.”

మన తెలుగువాళ్ళం ప్రతి మాట చివరా ఒక ‘ఉ’ తగిలిస్తామని ఆ గుమాస్తాకు తెలుసట. నా మాటలోంచి ఆ ‘ఉ’ను తీసేసి, మిగిలినదాన్ని శుభ్రంగా రాసుకున్నాడు. మా ఆయన నవ్వాడు. ఆ తర్వాత నోటీసు మిగతా భాగం చదివి నవ్వు ఆపేశాడు. పులి తిరిగే చోట ఇల్లు కూడదు, అడవి శాఖవాళ్ళు వచ్చి చూసేవరకు అర్జీ పక్కన పెట్టాలి అని ఉంది.

మర్నాడు పోయి తప్పు సరిచేయమని బతిమాలాను. రిజిస్టరులో ఎక్కిన పులిని కొట్టేసే అధికారం తనకు లేదన్నాడు గుమాస్తా. లేదని చెప్పాల్సింది అడవి శాఖవాళ్ళేనట. ఎండాకాలం కనబడదని నేను అన్నప్పుడు, పాపం ఈమెకు ఎంత ధైర్యమో అనుకున్నానని కూడా చెప్పాడు. కోపం తెచ్చుకుందామన్నా నాకు ఓపిక లేకపోయింది.

రోహిణి ఎండల్లో అడవి శాఖ గార్డు వచ్చాడు. జివతి కొండలవైపు మనిషి, తెలుగు మాట్లాడతాడు. మేమిద్దరం సైకిలు మీద వస్తుంటే దారిలోనే మా ఆయన నాకు గట్టిగా చెప్పాడు, పులి లేదను, వాగు ఊసు మాత్రం ఎత్తకు అని. నీళ్ళు వచ్చే చోట కూడా ఇల్లు కట్టనివ్వరు మరి. మేం చేరేసరికి గార్డు ఎండిన వాగులో వంగి ఇసుక చూస్తున్నాడు.

“అక్కా, నిజం చెప్పు. గిది వాగా, వాఘా?”

“వాగే తమ్మీ.”

“పొద్దుగాల నుంచి అడుగులు దేవులాడుతున్న. మేకలయి తప్ప ఒక్కటి దొరకలే.” చేతులు దులుపుకుంటూ నవ్వాడు. తర్వాత, “మరి వానలకు నీళ్ళు యాడిదాక వస్తయి?” అని అడిగాడు.

“ఒట్టి చిన్న ఒర్రె సారూ. నీళ్ళేం రావు” అన్నాడు మా ఆయన.

గార్డు నావైపు చూశాడు. మా జాగా నడుమ ఒక మోదుగ చెట్టు ఉంది. నా ఎత్తున దాని కొమ్మల్లో కొట్టుకొచ్చిన గడ్డి చిక్కుకుని ఎండిపోయి ఉండటం నేను ముందే చూశాను. నీళ్ళు అక్కడిదాకా వస్తాయని పత్తి చేను ఆమె కూడా చెప్పింది. ఇంటిపని చల్లగా సాగాలని ఆ నేలకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నాను. మళ్ళీ అదే నేల మీద నిలబడి అబద్ధమాడటానికి నోరు రాలేదు.

“మోదుగ చెట్టుదాక వస్తయి” అన్నాను.

ఆయన రాసుకున్నాడు. తిరుగు దారిలో గతుకులు వచ్చినా మా ఆయన సైకిలు నెమ్మది చేయలేదు.

మృగశిరకు తొమ్మిది రోజుల ముందు సభలో సరే అన్నారు, చెట్టుకు బాటవైపే కట్టాలని షరతు పెట్టి. రెండు గదులు, దేవుడి గది అనుకున్నది కాస్తా ఒక గది, ఒక వసారా అయింది. దేవుళ్ళకు గోడలో గూడు వదిలారు. ముందు రేకులు వేసుకుని, తడికలు కట్టుకుని సామాను దించుకున్నాం. గోడలు తర్వాత లేచాయి. దొరికిన మేరకు తృప్తే.

అనుమతి కాగితం మా ఆయన చదివి వినిపించాడు. వాఘ్‌ను కొట్టేయలేక గుమాస్తా దాని పక్కనే చిన్న అక్షరాలతో చేర్చాడట: నీళ్ళది, వానాకాలం మాత్రమే, చెట్టు వరకు వచ్చును.

“మల్ల పోయి సరిచేపిస్తవా?” అన్నాడు. గార్డు వచ్చిన రోజు తర్వాత నాతో నవ్వుతూ మాట్లాడింది అదే మొదలు.

ఆ పంచాయతీ బల్ల గుర్తొచ్చింది. నడుము గుర్తొచ్చింది.

“ఉండనియ్యి” అన్నాను.